తీగమీది ఊదా వెలుగు

చలికాలం తెల్లవారుజామున చరోదా యార్డు మీద మంచు దిగిందంటే రైలు తీగల కింద ఒక సన్నని చప్పుడు మొదలవుతుంది. పింగాణీ ఇన్సులేటర్ల దగ్గర చిటపట. కాసేపు చీకటిలో నిలబడి కళ్లు అలవాటు పడనిస్తే, వాటి అంచుల వెంట పలచని ఊదారంగు వెలుగు కూడా కనబడుతుంది. అంతలో గూడ్సు ఇంజను ఒకటి కదులుతుంది. దాని నెత్తిన తీగను రాసుకుంటూ కరెంటు అందుకునే పాంటో రెప్పపాటు ఎడమైతే చాలు, యార్డంతా ఒక్కసారి నీలిపచ్చగా మెరిసి ఆరిపోతుంది. రాగి ఆవిరి మండినప్పుడు వచ్చే రంగు అది.

భిలాయి మార్షలింగ్ యార్డును పొట్టి చేసి ఇక్కడ బీఎంవై అంటారు. ఊరి పేరు ముందు కూడా ఆ మూడక్షరాలు తగిలించి బీఎంవై చరోదా అనడం అలవాటు. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే కొలువులకు వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న తెలుగువాళ్లు చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ. లోకో షెడ్డులో పనిచేసేవాళ్లకు ఆ ఊదా వెలుగు కొత్త కాదు, ఇష్టమూ కాదు. ఇన్సులేటరు మీద దుమ్ము, తేమ చేరాయనడానికి అది గుర్తు. పట్టించుకోకపోతే పింగాణీ మీదుగా మెరుపు ఒకటి పాకి లైను ట్రిప్పవుతుంది.

ఇంత శ్రద్ధగా వీళ్లు వదిలించుకునే ఆ వెలుగునే విమానం రెక్క మీద కావాలని పుట్టించి, దానితో గాలి నడకను దిద్దవచ్చు. అదెలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు వెలుగు సంగతి. మామూలు గాలి కరెంటును పోనివ్వదు. అయితే గాలిలో ఎప్పుడూ కొన్ని ఎలక్ట్రాన్లు విడిగా తిరుగుతూనే ఉంటాయి. వోల్టేజి పెంచుతూ పోతే అవి వేగం పుంజుకుని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులను గుద్దుతాయి. గుద్దు గట్టిదైతే అణువులోంచి ఇంకో ఎలక్ట్రాన్ ఊడి బయటికి వస్తుంది, అణువు అయాన్‌గా మిగులుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై క్షణంలో వరదవుతుంది. సెంటీమీటరు ఎడానికి సుమారు 30,000 వోల్టులు దాటితే గాలి తన పట్టు వదిలేస్తుంది. మొనదేలిన తీగ దగ్గరా, తడి దుమ్ము అంచుల దగ్గరా విద్యుత్ క్షేత్రం పోగుపడుతుంది కాబట్టి అంతకన్నా తక్కువకే ఆ పని జరుగుతుంది. మన రైలు తీగలో 25,000 వోల్టులు అంటాం కదా, అది ఒక రకమైన సగటు లెక్క. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతూ శిఖరం దగ్గర 35,000 దాకా వెళ్తుంది. ఇలా ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలగలిసిన వాయువుకు 1928లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ప్లాస్మా అని పేరు పెట్టాడు. మనం చూసిన ఊదారంగు నైట్రోజన్‌ది.

అసలు కథ ఆ తర్వాత ఉంది. అయాన్లకు విద్యుదావేశం ఉంది కనుక అవి క్షేత్రం లాగిన వైపు పరుగెడతాయి. దారిలో మామూలు అణువులను గుద్దుకుంటూ వాటిని కూడా ఆ వైపు తోస్తాయి. అలా చిన్న గాలి పుడుతుంది. లండన్‌లో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ 1709లోనే, రుద్ది ఆవేశం ఎక్కించిన గాజు గొట్టాన్ని ముఖం దగ్గర పెట్టుకుని ఆ గాలిని గుర్తించాడు. మూడు వందల ఏళ్లనాటి గమనిక.

భిలాయివాళ్లకు దీని చుట్టం ఒకటి బాగా తెలుసు. ఉక్కు కర్మాగారాల్లోనూ థర్మల్ స్టేషన్లలోనూ పొగగొట్టానికి ముందు ఉండే ఈఎస్పీ (ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్). పెద్ద గదిలో వరుసగా పలకలు, వాటి నడుమ తీగలు, తీగలకు పదుల వేల వోల్టుల కరెంటు. తీగ చుట్టూ ఇదే వెలుగు పుడుతుంది, బూడిద రేణువులకు ఆవేశం అంటుతుంది, రేణువులు వెళ్లి పలకకు అతుక్కుంటాయి. ఆ గదిలోనూ అయాన్ల గాలి వీస్తూనే ఉంటుంది. కాకపోతే అక్కడ దానితో పని లేదు, బూడిద పట్టుకోవడమే పని.

ఇప్పుడు రెక్క దగ్గరికి వెళదాం. వెళ్లే ముందు ఒకసారి ఇంట్లో ఫ్యాను ఆపి రెక్క చూడండి. రోజంతా గిరగిరా తిరిగే రెక్క మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. అంత వేగానికి దుమ్మంతా ఎగిరిపోవాలి కదా! పోదు. ఎందుకంటే రెక్కను ఆనుకుని ఉన్న గాలి రెక్కతో పాటే తిరుగుతుంది, దుమ్ము దృష్టిలో అక్కడ గాలి నిశ్చలం. రెక్కనుంచి దూరం జరిగేకొద్దీ వేగం పెరుగుతూ పోయి, కొద్ది మిల్లీమీటర్లలో బయటి వేగాన్ని అందుకుంటుంది. ఈ పలచని పొరనే సరిహద్దు పొర అంటారు. 1904లో హైడెల్‌బర్గ్‌లో జరిగిన గణితవేత్తల మహాసభలో లుడ్విగ్ ప్రాంట్ల్ అనే 29 ఏళ్ల జర్మన్ ఆచార్యుడు దీన్ని ప్రతిపాదించాడు. ప్రసంగం పది నిమిషాలు. అచ్చులో ఎనిమిది పేజీలు. విమాన శాస్త్రమంతా దాని మీదే నిలబడి ఉందంటే అతిశయోక్తి కాదు.

రెక్క పైభాగంలో గాలి మొదట వేగంగా జారుతుంది, అక్కడ పీడనం తక్కువ. వెనక అంచు వైపు వెళ్లేకొద్దీ పీడనం మళ్లీ పెరుగుతుంది. అంటే గాలి గట్టు ఎక్కుతున్నట్టు లెక్క. బయటి గాలికి ఊపు ఉంది కాబట్టి ఎక్కేస్తుంది. రెక్కకు అంటుకుని నీరసంగా కదిలే గాలికి ఆ సత్తువ లేదు. రెక్క ముక్కు ఇంకా పైకెత్తితే గట్టు ఇంకా నిటారవుతుంది. చాలా రెక్కలకు 15 డిగ్రీల దరిదాపుల్లో ఆ అడుగు పొర ఆగిపోయి, వెనక్కి తిరిగి, పైనున్న ప్రవాహాన్ని రెక్క నుంచి ఊడదీస్తుంది. రెక్క మీద గాలి జారడం పోయి సుడులు మిగులుతాయి. ఎత్తే బలం పడిపోతుంది, వెనక్కి లాగే బలం పెరుగుతుంది. పైలట్లు దీన్ని స్టాల్ అంటారు. నేలకు దగ్గరగా ఉన్నప్పుడు స్టాల్ అయితే తేరుకునే వ్యవధి దొరకదు.

ఆ నీరసపు పొరకు కాస్త ఊపిరి పోయడానికి వందేళ్లుగా ఉపాయాలు వెతుకుతున్నారు. ప్రాంట్ల్ స్వయంగా ఒక స్తూపానికి సన్నని చీలిక పెట్టి, ఆ పొరను లోపలికి పీల్చి, ప్రవాహం ఊడకుండా ఆపి చూపించాడు. ఈనాటి విమానాల రెక్కల మీద వేలెడేసి రేకులు నిలబెడతారు. అవి చిన్న సుడులు పుట్టించి పైనున్న చురుకైన గాలిని కిందికి కలుపుతాయి. చవక, నమ్మకం. కానీ అవసరం ఉన్నా లేకపోయినా అవి గాలికి అడ్డుగా నిలబడే ఉంటాయి, ప్రయాణం పొడవునా ఇంధనం తింటాయి. పీల్చే పద్ధతికి పంపులు, గొట్టాలు, బరువు. కావాలన్నప్పుడు పనిచేసి వద్దన్నప్పుడు లేనట్టే ఉండే సాధనం కావాలి.

1990లలో అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో జె. రీస్ రాత్ అనే ప్లాస్మా శాస్త్రవేత్త అలాంటిదాన్ని పట్టుకున్నాడు. నాసా లాంగ్లీ కేంద్రానికి చెందిన షెర్మన్, విల్కిన్సన్‌లతో కలిసి 1998లో ఆ ఫలితాలు ప్రకటించాడు. పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. రెండు రాగి పట్టీలు, వాటి నడుమ టెఫ్లాన్ లాంటి కరెంటు పోనివ్వని పలచని పొర. ఒక పట్టీ పైన గాలికి తెరిచి ఉంటుంది. రెండోది పొర కింద, కొంచెం వెనక్కి జరిపి, కప్పేసి ఉంటుంది. రెంటికీ మధ్య 5,000 నుంచి 20,000 వోల్టుల ఏసీ, సెకనుకు కొన్ని వేలసార్లు ఊగేది. అంతే. పై పట్టీ అంచునుంచి కింది పట్టీ మీదుగా ఊదారంగు వెలుగు పరుచుకుంటుంది, ఆ వైపే రెక్కను రాసుకుంటూ గాలి కదులుతుంది. తిరిగే చక్రం లేదు, కదిలే మీట లేదు. స్విచ్చి వేసిన సెకనులో వెయ్యో వంతుకే పని మొదలు.

ఇన్ని వోల్టులున్నా పాంటో దగ్గర లేచినట్టు మంట ఎందుకు లేవదు? నడుమనున్న పొర వల్ల. ఎలక్ట్రాన్ల వరద మొదలవగానే అవి వెళ్లి ఆ పొర మీద పేరుకుంటాయి. పేరుకున్న ఆవేశం తనను లాగిన క్షేత్రాన్నే రద్దు చేస్తుంది. వరద తనంతట తానే ఆగిపోతుంది. వోల్టేజి దిశ మారగానే మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. ఈ విద్య 1857 నాటిది. వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఓజోన్ తయారీకి ఇలాంటి గాజు గొట్టాన్నే వాడాడు. నీటి శుద్ధి కేంద్రాల్లో ఓజోన్ ఇప్పటికీ ఈ దారినే తయారవుతుంది. ప్లాస్మా పట్టీ పనిచేస్తున్న గదిలోకి వెళితే ముక్కుకు తగిలే ఘాటు వాసన అదే.

ఈ పరికరం బలం ఎంతో కచ్చితంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ప్లాస్మా అన్న మాట వినగానే ఊహలు పరుగెడతాయి. మీటరు పొడవున్న మామూలు పట్టీ గాలిని తోసే బలం కొన్ని పదుల మిల్లీన్యూటన్లు. ఒక ఏ4 కాగితాన్ని అరచేతిలో పెట్టుకుంటే చేతికి తెలిసే బరువు దాదాపు 50 మిల్లీన్యూటన్లు. అంటే మీటరు పట్టీ తోపు ఒక తెల్లకాగితం బరువంత. పుట్టే గాలి వేగం సెకనుకు కొద్ది మీటర్లు, బాగా కష్టపడితే 8, 10. ప్రయాణికుల విమానం సెకనుకు 250 మీటర్లు పోతుంది. పైగా పట్టీలో పోసిన విద్యుత్తులో గాలి కదలికగా మారేది నూటికి ఒకపాలు కూడా ఉండదు, మిగతాది వేడీ వెలుగూ ఓజోనూ అవుతుంది.

మరి ఇంత బలహీనమైనది ఎందుకు పనికొస్తుంది?

ఎద్దుల బండిని గుర్తుచేసుకోండి. బండిని లాగేది ఎద్దులు. తోలేవాడు మలుపు దగ్గర ములుకోలతో అలా తాకుతాడు. తాకే చోటు, తాకే అదను తెలిస్తే చాలు, బండి మలుపు తిరుగుతుంది. రెక్క మీద ఊడిపోబోయే ప్రవాహం సరిగ్గా అలాంటి మలుపు దగ్గర ఉంటుంది. అటు ఊడిపోవచ్చు, ఇటు అంటుకోవచ్చు. అక్కడ దానిలోనే ఒక సహజమైన ఊగు ఉంది. ప్లాస్మాను ఎడతెగకుండా వెలిగించే బదులు ఆ ఊగుకు తాళం కలిపి వెలిగించి ఆర్పితే, ప్రవాహం తన శక్తితో తానే సుడులు కట్టి పై గాలిని కిందికి దింపుకుంటుంది. ఆ తాళానికి ఒక మోటు లెక్క ఉంది. గాలి రెక్క వెడల్పు దాటే కాలంలో ఒక్క తాకు. అర మీటరు వెడల్పున్న రెక్క, సెకనుకు 30 మీటర్ల గాలి అనుకుంటే సెకనుకు 60 తాకులు. నాట్రడేమ్ విశ్వవిద్యాలయంలో థామస్ కార్క్ బృందం, ఫ్రాన్స్‌లో పువాటియే విశ్వవిద్యాలయంలో ఎరిక్ మోరో బృందం ఏళ్ల తరబడి చేసిన పరీక్షల సారం ఇదే. నన్ను ఈ విషయానికి కట్టిపడేసింది కూడా ఇదే. బలం చాలనిచోట అదను పనిచేస్తుంది.

వేగం మరీ ఎక్కువైతే ఈ తాకు కూడా చాలదు. అప్పుడు ఇంకో దారి. వోల్టేజిని సెకనులో వందకోట్లవ వంతుల లెక్కలో, పిడుగులా ఒక్క దెబ్బగా ఇస్తారు. అయాన్లు కదిలేలోపే అంతా అయిపోతుంది. కానీ ఆ సన్నని పొర ఒక్కసారి వేడెక్కి, ఉబ్బి, చిన్న విఘాత తరంగాన్ని వదులుతుంది. ఇక్కడ తోపు లేదు, కుదుపు ఉంది. రష్యన్ శాస్త్రవేత్త ఆంద్రేయ్ స్తారికోవ్‌స్కీ, ఆయన సహచరులు 2009లో ఈ పద్ధతితో ధ్వనివేగంలో 0.7 వంతు దాకా ప్రవాహాన్ని రెక్కకు అంటిపెట్టి చూపారు.

గాలి ఊడిపోవడం ఒక సమస్య. ఊడకుండానే కల్లోలపడటం ఇంకొకటి. రెక్క ముందుభాగంలో పొరలు పొరలుగా నెమ్మదిగా సాగే ప్రవాహం కొంతదూరం పోయాక చిందరవందర అవుతుంది, రాపిడి అనేక రెట్లు పెరుగుతుంది. ఆ మార్పు ఎక్కడ, ఎలా మొదలవుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబు ఇచ్చినవాళ్లలో రొద్దం నరసింహ ఒకరు. ఆయన పుట్టిపెరిగింది బెంగళూరులో, ఇంటిపేరు మాత్రం మన పెనుకొండ దగ్గరి రొద్దం. సతీష్ ధావన్ శిష్యుడిగా 1950లలో, ఇరవైల వయసులో ఆయన తేల్చినది ఇది. కల్లోలం రెక్క మీద ఎక్కడపడితే అక్కడ పుట్టదు. ప్రవాహానికి అడ్డంగా ఒక సన్నని గీత వెంట చుక్కలు చుక్కలుగా పుట్టి, కిందికి పోతూ పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. ధావన్‌తో కలిసి 1958లో రాసిన ఆ వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతారు.

చుక్కలు పుట్టకముందు ఆ పొరలో సన్నని అలలు లేస్తాయి. వాటిని మొగ్గలోనే అణచగలిగితే కల్లోలం వెనక్కి జరుగుతుంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు గ్రోబ్ జీ109బి అనే మోటారు గ్లైడరు రెక్కకు ప్లాస్మా పట్టీలు అంటించి, ఆకాశంలోకి తీసుకెళ్లి, అలకు ఎదురు అల వేసి అణచి చూశారు. కల్లోలం కొంత వెనక్కి జరిగింది. లాభం కొద్దిదే. అయినా గాలి సొరంగం దాటి నిజమైన ఆకాశంలో, ఎండలో గాలిలో, పట్టీ పనిచేసింది. నా దృష్టిలో ఈ రంగంలో అతి నిజాయితీ గల ప్రయోగాల్లో ఇదొకటి.

మన దేశంలో ఈ పని ఎక్కువగా అతివేగాల వైపు సాగింది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కె. సతీష్, జి. జగదీష్ 2007లో ఒక ప్రయోగం ప్రకటించారు. ధ్వనికి ఆరింతలకు దగ్గరి వేగంతో వచ్చే వాయువు ముందు మొద్దుముక్కు శంకువును నిలబెట్టి, దాని ముక్కుకు కాస్త ముందు విద్యుత్ మెరుపు పుట్టించారు. వేడెక్కిన వాయువులో ధ్వనివేగం పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. శంకువు ముందు గోడలా నిలిచే విఘాత తరంగం మెత్తబడుతుంది. ఆర్గాన్ వాయువులో చేసినప్పుడు నిరోధం సుమారు సగం తగ్గింది. వాయువు మారితే ఫలితం కూడా మారింది. గాలి అణువులు రెండేసి పరమాణువులవి, ఇచ్చిన శక్తిలో కొంత తమ లోపలి కంపనాలకే తినేస్తాయి. ఆ వేగాలను నేలమీద పరీక్షించడానికి 2020 డిసెంబరు 19న హైదరాబాదులో డీఆర్‌డీవో గాలి సొరంగం ఒకటి ప్రారంభమైంది. ధ్వనివేగానికి 5 నుంచి 12 రెట్ల దాకా, నాజిల్ వ్యాసం ఒక మీటరు.

అయాన్ల గాలితో ఏకంగా విమానమే ఎగరదా అని అడిగేవాళ్లుంటారు. ఎగిరింది. ఎంఐటీలో స్టీవెన్ బారెట్ బృందం 2018లో అయిదు మీటర్ల రెక్కలు, 2.45 కిలోల బరువు ఉన్న నమూనాను 40,000 వోల్టులతో ఒక వ్యాయామశాల లోపల ఎగరేసింది. ప్రొపెల్లరు లేదు, చప్పుడు దాదాపు లేదు. వెళ్లిన దూరం 60 మీటర్లు. అందమైన ప్రయోగమే, కాని అది మనుషులను మోస్తుందని ఇప్పుడే ఆశ పెట్టుకోకూడదు.

ఇబ్బందులు దాచకూడదు. వాన పడితే పట్టీ మీద నీటిపొర నిలిచి వెలుగు చిందరవందర అవుతుంది, మన శ్రావణ భాద్రపదాల్లో అది చిన్న సంగతి కాదు. పుట్టిన ఓజోనూ అయాన్లూ ప్లాస్టిక్కు పొరను నెమ్మదిగా కొరికేస్తాయి. హైవోల్టేజి పెట్టె బరువు, దగ్గరున్న రేడియో పరికరాలకు గోల. మరోవైపు ఒక ఊహించని మేలు కనబడింది. వృథా అవుతుందనుకున్న వేడి రెక్క అంచున మంచు గడ్డకట్టకుండా ఆపడానికి పనికొస్తోంది. నన్నడిగితే ఈ పట్టీ ముందు నిలదొక్కుకునేది పెద్ద విమానాల మీద కాదు. నెమ్మదిగా ఎగిరే చిన్న డ్రోన్ల మీద, గాలిమరల రెక్కల మీద. జపాన్‌లో తోషిబా ఇప్పటికే గాలిమర రెక్కలకు అంటించి పరీక్షించింది. అనంతపురం గుట్టల మీద తిరిగే మరలకు కూడా గాలి ఒక్కసారి దిక్కు మార్చినప్పుడు రెక్క స్టాల్ అవుతుంది. అక్కడ వేగాలు తక్కువ, కరెంటు పక్కనే పుడుతుంది.

మరి చరోదా యార్డులోని వ్యాగన్లకు ఈ పట్టీ అంటిస్తే? ఇది నేను కాగితం మీద లెక్కవేసి చూసిన ప్రశ్న. తెరిచిన ఖాళీ వ్యాగన్ నిండు వ్యాగన్ కంటే గాలిని ఎక్కువ అడ్డుకుంటుంది, సుడులన్నీ లోపల తిరుగుతాయి. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లే, ప్లాస్మా అందుకోగల వేగమే. కాని వ్యాగన్ రెక్క కాదు. నిలువు గోడ, చదునైన ముక్కు, ప్రతి రెండింటి నడుమ సందు. అక్కడ గాలి ఊడిపోవాలా వద్దా అని తటపటాయించదు, ఊడి తీరుతుంది. తాకడానికి మలుపే లేదు. దానికి తోడు బొగ్గు దుమ్ము. వ్యాగన్ మీద మూత వేస్తే వచ్చే లాభం ఏ ప్లాస్మా పట్టీ ఇవ్వలేదు.

చివరగా ఈ ఊరి పిల్లలకూ, ఇలాంటి రైల్వే ఊళ్లన్నింటి పిల్లలకూ ఒక మాట. ప్రయోగశాలలో పట్టీని కాపాడే పలచని పొర రైలు తీగకు లేదు. నిలబడి ఉన్న వ్యాగన్ ఎక్కి ఫోటో దిగబోయి ప్రాణాలు పోగొట్టుకున్న కుర్రాళ్లలో చాలామంది తీగను ముట్టుకోలేదు. దగ్గరికి వెళ్లారు, అంతే. నడుమనున్న గాలి ప్లాస్మా అయింది, కరెంటు దాని మీదుగా వచ్చింది. తీగకు రెండు మీటర్ల లోపు ఎవరూ వెళ్లకూడదన్నది రైల్వే నియమం. ఊదా వెలుగు చూడాలని ఉంటే మంచు కురిసే తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. వ్యాగన్ మాత్రం ఎక్కకండి.